హెడ్‌ఫోన్ తగిలించగానే సౌండ్ అందులోకే రావాలంటే

ప్రశ్న: నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. విండోస్ 11 ల్యాప్‌టాప్. దాన్ని డాక్‌కి, అంటే అన్నిటినీ ఒకే తీగతో కలిపే పెట్టెకి తగిలిస్తే మానిటర్, యూఎస్‌బీ హెడ్‌సెట్ రెండూ కలుస్తాయి. అప్పుడప్పుడు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ కూడా వాడతాను. ఏది తగిలించినా సౌండ్ ఎటు పోతుందో నాకు అంతుపట్టదు. ఒక్కోసారి మానిటర్‌లోకి పోతుంది, దానికి అసలు స్పీకర్లే లేవు. మీటింగ్‌లో అవతలివాళ్లు మాట్లాడుతూనే ఉంటారు, నేను సెట్టింగ్స్ వెతుక్కుంటూ ఉంటాను. మొన్నయితే ఇయర్‌బడ్స్ చార్జింగ్ అయిపోయి, మేనేజర్ మాటలన్నీ ల్యాప్‌టాప్ స్పీకర్లో ఇల్లంతా వినబడ్డాయి. ఏది తగిలిస్తే సౌండ్ అందులోకి దానంతటదే మారే మార్గం చెప్పగలరా? మావారిది మ్యాక్, మా అబ్బాయిది లైనక్స్. వాళ్లకీ కొంచెం అటూ ఇటూగా ఇదే గొడవ.

సమాధానం: మార్గం ఉందండీ. నిజానికి మీ కంప్యూటర్ ఇప్పుడు కూడా సౌండ్‌ని దానంతటదే మారుస్తోంది. కాకపోతే మీకు కావలసిన చోటికి మార్చకుండా తనకు తోచిన చోటికి మారుస్తోంది. అందుకని కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ వేసుకోకముందే, అది ఏ లెక్కన మారుస్తోందో చూసుకుని మన లెక్క దానికి నేర్పుదాం. చాలామందికి ఇంతటితోనే పని అయిపోతుంది.

మీరు చేత్తో ఏ డివైస్‌ని డిఫాల్ట్‌గా ఎంచుకున్నారో విండోస్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ డివైస్ తీసేస్తే వరసలో దాని తర్వాత ఉన్నదానికి వెళ్తుంది, మళ్లీ తగిలిస్తే తిరిగి దానికే వస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంటుంది. మనం ఎన్నడూ ఎంచుకోని డివైస్ ఒకటి కొత్తగా వచ్చినప్పుడే తంటా. ‘ఇప్పుడే తగిలించారంటే వాడుకోవడానికే కదా’ అనుకుని విండోస్ చాలాసార్లు సౌండ్‌ని దాని చేతికి అప్పగిస్తుంది. మీ మానిటర్ చేస్తున్న అల్లరి అంతా ఇక్కడి నుంచే మొదలైంది.

స్పీకర్లు లేని మానిటర్‌కి సౌండ్‌తో ఏం పని అని మీకు అనిపించి ఉంటుంది. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లు బొమ్మతో పాటు సౌండ్‌ని కూడా మోసుకెళ్తాయి. డాక్ నుంచి వచ్చే యూఎస్‌బీ సీ తీగలో నడిచేది కూడా ఎక్కువగా డిస్‌ప్లేపోర్టే. కేబుల్ తగలగానే మానిటర్ తన వివరాలన్నీ కంప్యూటర్‌కి చెప్పుకుంటుంది. రిజల్యూషన్ ఎంత, రంగులేమిటి, సౌండ్ తీసుకోగలదా లేదా అన్నవన్నీ అందులో ఉంటాయి. ఈ వివరాలకే ఈడీఐడీ అని పేరు. చాలా మానిటర్లకు స్పీకర్లు ఉండవు గానీ వెనకవైపు హెడ్‌ఫోన్ పెట్టుకునే సాకెట్ ఒకటి ఉంటుంది. దాని కోసమని ‘సౌండ్ తీసుకుంటాను’ అని ఈడీఐడీలో రాసి పెడతారు. ఆ సాకెట్ ఖాళీగా ఉందా, అందులో ఏదైనా పెట్టారా అన్నది విండోస్‌కి తెలిసే వీల్లేదు. పాపం అది పంపాల్సిన చోటికే పంపుతోంది, వినేవాళ్లే అక్కడ లేరు.

ఇంకో సంగతి కూడా గమనించండి. మీరు కాసేపు లేచి వెళ్లి వచ్చేసరికి మానిటర్ నిద్రపోయి ఉంటుంది. డిస్‌ప్లేపోర్ట్ మీద ఉన్న మానిటర్లు చాలావరకు నిద్రపోయినప్పుడు కేబుల్ పీకేసినట్టే కనిపిస్తాయి. మౌస్ కదిపితే మళ్లీ కొత్తగా తగిలించినట్టు లేచి వస్తాయి. మీరు ఏమీ ముట్టుకోకపోయినా సౌండ్ మారిపోయిందని అనిపించే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇలా జరిగేవే.

మానిటర్‌ని వరసలో కిందికి నెట్టడం కంటే వరసలోంచే తీసేయడం మేలు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్ తెరవండి. అవుట్‌పుట్ కింద మానిటర్ పేరు, లేదా ఇంటెల్, ఎన్‌విడియా లాంటి గ్రాఫిక్స్ కంపెనీ పేరుతో ఒక డివైస్ కనిపిస్తుంది. దాని కుడిపక్కనున్న బాణం గుర్తు నొక్కితే ఆ డివైస్ వివరాలు వస్తాయి. అక్కడ ఆడియో దగ్గర ‘డోంట్ అలో’ అనే బటన్ ఉంటుంది, అది నొక్కేయండి. ఇక ఆ మానిటర్ బొమ్మ మాత్రమే చూపిస్తుంది. ఎప్పుడైనా కావాలనుకుంటే అదే పేజీలో కింద ఉండే ‘ఆల్ సౌండ్ డివైసెస్’లోకి వెళ్లి మళ్లీ అలో చేసుకోవచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు మాత్రం ఈ మానిటర్ మళ్లీ లిస్టులో ప్రత్యక్షమయ్యే అవకాశం ఉంది. అప్పుడు ఇదే పని ఇంకోసారి చేయాలి.

ఇక మిగిలినవాటికి వరస నేర్పడం. ఇక్కడ చాలామంది తమకు బాగా ఇష్టమైన డివైస్‌ని పైన పెట్టాలనుకుంటారు. నేను అలా చెప్పను. ఎప్పుడూ తగిలి ఉండేది కింద ఉండాలి, అప్పుడప్పుడు వచ్చేది పైన ఉండాలి. మీ హెడ్‌సెట్ పొద్దస్తమానం డాక్‌కే ఉంటుంది. ఇయర్‌బడ్స్ మాత్రం కావాలనుకున్నప్పుడే కేసులోంచి తీస్తారు. తీశారంటేనే వాటిలో వినాలనుకుంటున్నారని అర్థం. అందుకని ఇయర్‌బడ్స్ అన్నిటికన్నా పైన, దాని కింద హెడ్‌సెట్, అట్టడుగున ల్యాప్‌టాప్ స్పీకర్లు ఉండాలి. హెడ్‌సెట్ ఎంత ఖరీదైనదైనా సరే, దాన్ని పైన పెడితే ఇయర్‌బడ్స్ తీసిన ప్రతిసారీ మీరే చేత్తో మార్చుకోవాల్సి వస్తుంది.

ఈ వరసని విండోస్‌కి నేర్పాలంటే మూడూ ఒకేసారి కనెక్ట్ అయి ఉండాలి. పాట ఏదైనా పెట్టుకుని సౌండ్ పేజీలో కిందినుంచి పైకి రండి. ముందు ల్యాప్‌టాప్ స్పీకర్లను ఎంచుకోండి, తర్వాత హెడ్‌సెట్‌ని, చివరికి ఇయర్‌బడ్స్‌ని. ఆఖరున ఎంచుకున్నదానికి అది పెద్దపీట వేస్తుంది. ఇప్పుడు ఇయర్‌బడ్స్‌ని కేసులో పెట్టి చూడండి, పాట హెడ్‌సెట్‌లోకి రావాలి. హెడ్‌సెట్ పీకేయండి, స్పీకర్లలోకి రావాలి. రెండూ మళ్లీ కలపండి, ఇయర్‌బడ్స్‌లోకి పోవాలి. ఎక్కడైనా తేడా కొడితే ఆ మెట్టు దగ్గరే ఆగి, సరైనదాన్ని ఎంచుకుని మళ్లీ మొదటినుంచి చేయండి.

యూఎస్‌బీ హెడ్‌సెట్‌ని ఎప్పుడూ ఒకే పోర్టుకి తగిలించడం అలవాటు చేసుకోండి. ఇదేదో చాదస్తం అనుకోకండి. ప్రతి యూఎస్‌బీ పరికరానికీ సీరియల్ నంబర్ ఉండాలన్న నియమం లేదు, చౌక హెడ్‌సెట్లకు తరచూ ఉండదు. నంబర్ లేని పరికరాన్ని విండోస్ పోర్టుని బట్టే గుర్తుపడుతుంది. నిన్న ఎడమవైపు పెట్టి ఇవాళ కుడివైపు పెడితే, దాని దృష్టిలో అది వేరే హెడ్‌సెట్. మీరు ఎంచుకున్నదంతా దానికి వర్తించదు. సౌండ్ లిస్టులో మీ హెడ్‌సెట్ పేరు ముందు ‘2-’ అని అంకె ఎప్పుడైనా కనిపించిందా? దాన్ని వేరే పోర్టులో పెట్టిన ఆనవాలే అది.

ఇప్పుడు మీటింగుల సంగతి. విండోస్‌లో డిఫాల్ట్ డివైస్ ఒకటి కాదు, రెండు ఉంటాయి. పాటలకు, వీడియోలకు, మిగతా అన్నిటికీ ఒకటి. మాట్లాడుకునే యాప్‌ల కోసం ‘కమ్యూనికేషన్స్ డిఫాల్ట్’ అని ఇంకొకటి. సౌండ్ పేజీ అడుగున ‘మోర్ సౌండ్ సెట్టింగ్స్’ నొక్కితే పాతకాలం కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో మొదటిదానికి ఆకుపచ్చ టిక్కు, రెండోదానికి ఆకుపచ్చ ఫోన్ బొమ్మ కనిపిస్తాయి. హెడ్‌సెట్ మీద రైట్ క్లిక్ చేసి దాన్ని కమ్యూనికేషన్ డివైస్‌గా పెట్టండి. అదే కిటికీలో రికార్డింగ్ అనే భాగానికి వెళ్లి మైక్‌కి కూడా ఇదే చేయండి. సౌండ్ ఒకచోట, మైక్ ఇంకోచోట ఉంటే మీకు అన్నీ వినబడతాయి గానీ మీ మాట అవతలికి పోదు.

ఇంత చేసినా మీటింగ్ యాప్ మాట వినకపోవచ్చు. ఎందుకంటే జూమ్, టీమ్స్ లాంటివాటికి వాటి సొంత ఆడియో సెట్టింగ్ ఉంటుంది. ఎప్పుడో ఒకసారి కంగారులో అక్కడ మానిటర్ పేరో, పాత హెడ్‌సెట్ పేరో ఎంచుకుని ఉంటే, ఆ యాప్ దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. జూమ్‌లో స్పీకర్ దగ్గరా మైక్ దగ్గరా ‘సేమ్ యాజ్ సిస్టమ్’ అని పెట్టేయండి. మీటింగుల్లో మాత్రం హెడ్‌సెటే ఉండాలి అనుకుంటే, దాని పేరే అక్కడ ఎంచుకుని వదిలేయండి. రెండిట్లో ఏదైనా పరవాలేదు. ఏది చేశారో గుర్తుంటే చాలు.

ఒక్క యాప్ మాత్రమే మొండికేసి మిగతావన్నీ సరిగ్గా మారుతుంటే, సౌండ్ పేజీలో వాల్యూమ్ మిక్సర్ తెరిచి చూడండి. అక్కడ ఒక్కో యాప్‌కి ఒక్కో అవుట్‌పుట్ కేటాయించవచ్చు. ఆ యాప్‌కి అలా ఏదో కేటాయించి మరిచిపోయి ఉంటారు. కిందనే రీసెట్ బటన్ ఉంటుంది, నొక్కితే అన్ని యాప్‌లూ మళ్లీ డిఫాల్ట్ దారిలోకి వస్తాయి. కొన్ని పాత ప్రోగ్రాములు తెరిచినప్పుడు ఏ డివైస్ ఉందో దానికే అతుక్కుపోతాయి. వాటిని మూసి మళ్లీ తెరవడమే మందు.

బ్లూటూత్‌తో ఇంకో తిరకాసు ఉంది. పాట వింటున్నప్పుడు బాగానే ఉన్న ఇయర్‌బడ్స్ మీటింగ్ మొదలవగానే పాత టెలిఫోన్‌లా బొంగురుగా మారిపోవడం మీరు గమనించే ఉంటారు. మామూలు బ్లూటూత్‌లో సంగీతానికి ఒక పద్ధతి, మాటలకు ఒక పద్ధతి ఉన్నాయి. మొదటిది స్టీరియో, నాణ్యమైనది, కానీ అందులో మైక్ పనిచేయదు. ఇయర్‌బడ్స్ మైక్‌ని ఏ యాప్ అయినా తెరిచిందంటే మొత్తం రెండో పద్ధతిలోకి దిగిపోతుంది. సీడీ నాణ్యతకు సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే సౌండ్ కొలతలు తీసుకుంటే, ఇక్కడ 8,000 లేదా 16,000తో సరిపెడతారు, అదీ మోనోలో, అంటే రెండు చెవులకూ ఒకే సౌండ్. విండోస్ 10లో ఒకే ఇయర్‌బడ్స్ ‘స్టీరియో’ అనీ ‘హ్యాండ్స్ ఫ్రీ’ అనీ రెండు పేర్లతో కనిపించేది ఇందుకే. విండోస్ 11లో ఆ రెండిటినీ కలిపి ఒకే పేరు కింద చూపిస్తున్నారు గానీ లోపల జరిగేది అదే. ఇయర్‌బడ్స్‌తో మీటింగ్‌కి కూర్చున్నప్పుడు మైక్ కోసం ల్యాప్‌టాప్ మైక్‌నో హెడ్‌సెట్ మైక్‌నో ఎంచుకోండి. అప్పుడు వినడం స్టీరియోలోనే సాగుతుంది. ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతికి ల్యాప్‌టాప్, ఇయర్‌బడ్స్ రెండూ సిద్ధంగా ఉంటే ఈ బాధ తగ్గుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం మేనేజర్ మాటలు ఇల్లంతా వినబడిన ఘటన. తగిలించినప్పుడు సౌండ్ రాకపోతే కాసేపు చిరాకు, అంతే. ఊడిపోయినప్పుడు ఎక్కడికి పోతుందన్నది అంతకన్నా ముఖ్యం, కానీ దాని గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. ఫోన్‌లో హెడ్‌ఫోన్ ఊడితే పాట ఆగిపోవడం మనకు అలవాటు. కంప్యూటర్లో ఆ మర్యాద అన్ని యాప్‌లకూ లేదు. మీటింగ్ యాప్ అయితే ఆపడానికి వీలే లేదు, అవతల మనిషి మాట్లాడుతూనే ఉంటాడు కదా.

దీనికి మంచి ఉపాయం ఉంది, పైసా ఖర్చు లేదు. విండోస్ ఒక్కో డివైస్‌కి వాల్యూమ్ విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. మ్యాక్, లైనక్స్ కూడా అంతే. అందుకని అన్నీ ఊడదీసి, ల్యాప్‌టాప్ స్పీకర్లు మాత్రమే ఉన్నప్పుడు మ్యూట్ నొక్కేయండి. హెడ్‌సెట్, ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే వాటి వాల్యూమ్ వాటికే ఉంటుంది. అవి ఊడిపోయాయా, సౌండ్ స్పీకర్లకే వస్తుంది, కానీ స్పీకర్లు మూగగా ఉంటాయి. కావాలని స్పీకర్లలో ఏదైనా వినాలనుకున్నప్పుడు మ్యూట్ తీసి, పనవగానే మళ్లీ పెట్టడం ఒక్కటే అదనపు పని. ఆఫీసు మీటింగులున్న ప్రతివాళ్లూ దీన్ని చేసి పెట్టుకోవాలంటాను.

చిన్న గుండ్రటి పిన్ను ఉండే వైరు హెడ్‌ఫోన్లకు ఈ తతంగమంతా దాదాపు అక్కర్లేదు. ఎక్కువ ల్యాప్‌టాప్‌లలో స్పీకర్లు, ఆ సాకెట్ కలిపి ఒకే డివైస్. పిన్ను లోపలికి దిగగానే సౌండ్ చిప్ కనిపెట్టి స్పీకర్లను ఆపేస్తుంది. మారడం లేదంటే పిన్ను పూర్తిగా దిగిందో లేదో, సాకెట్లో దుమ్ము చేరిందేమో ముందు చూసుకోండి. కొన్ని కంప్యూటర్లలో రియల్‌టెక్ ఆడియో కన్సోల్ అనే సౌండ్ సెట్టింగుల ప్రోగ్రామ్ ఉంటుంది. అందులో ముందు సాకెట్‌నీ వెనక సాకెట్‌నీ రెండు వేరు డివైసులుగా చూపించే ఆప్షన్ ఆన్ అయి ఉంటే కూడా ఇలా అవుతుంది.

కొత్త సాఫ్ట్‌వేర్ అవసరమా అంటే, పైన చెప్పినవి చేశాక కూడా రోజూ అటూ ఇటూ మార్చుకునే పని ఉంటేనే. ముందు ఒక కీబోర్డ్ చిట్కా చూడండి. విండోస్ 11లో విండోస్ కీ, కంట్రోల్, వీ మూడూ కలిపి నొక్కితే అవుట్‌పుట్ లిస్టు, యాప్‌ల వాల్యూమ్‌లు వెంటనే తెర మూల కనిపిస్తాయి. అదీ చాలదనుకుంటే సౌండ్‌స్విచ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. మీకు కావలసిన డివైసులు మాత్రం టిక్కు పెట్టుకుంటే, ఒక షార్ట్‌కట్ కీ నొక్కినప్పుడల్లా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తుంది. అయితే డిఫాల్ట్ డివైస్‌ని మార్చే అధికారిక దారి ఏదీ మైక్రోసాఫ్ట్ బయటి ప్రోగ్రాములకు ఇవ్వలేదు. ఇలాంటివన్నీ డాక్యుమెంట్ చేయని దొడ్డిదారిన పనిచేసేవే. పెద్ద విండోస్ అప్‌డేట్ వచ్చాక ఒక్కసారిగా పనిచేయకపోతే, దాని కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడాలి. మీ ల్యాప్‌టాప్ ఆఫీసుదైతే వేసుకునే ముందు ఐటీ వాళ్లను అడగండి.

మీవారి మ్యాక్ ఈ విషయంలో మీదానికంటే నెమ్మదస్తురాలు. సిస్టమ్ సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి అవుట్‌పుట్ ఎంచుకోవడమే, అదీ గుర్తుపెట్టుకుంటుంది. ఆయనవి ఎయిర్‌పాడ్స్ అయి, ఫోన్‌కీ మ్యాక్‌కీ మధ్య గెంతుతుంటే, అవి పెట్టుకుని ఉండగా వాటి సెట్టింగ్స్‌లో ‘కనెక్ట్ టు దిస్ మ్యాక్’ దగ్గర ‘ఆటోమేటికల్లీ’ తీసేసి, ‘వెన్ లాస్ట్ కనెక్టెడ్’ అని మొదలయ్యేదాన్ని పెట్టమనండి. మ్యాక్‌కి తగిలించిన రెండు డివైసుల్లో ఒకేసారి సౌండ్ కావాలంటే ఆడియో మిడి సెటప్ అనే యాప్‌లో మల్టీ అవుట్‌పుట్ డివైస్ తయారుచేసుకోవచ్చు. కాకపోతే దానికి కీబోర్డ్ వాల్యూమ్ బటన్లు పనిచేయవు. హెచ్‌డీఎంఐ మానిటర్లో వింటున్నప్పుడు ఆ బటన్లు బూడిదరంగులోకి మారడం చూసి మ్యాక్ పాడైందని కంగారుపడేవాళ్లు ఉన్నారు. పాడవలేదు, ఆ సౌండ్‌ని మానిటర్ బటన్లతోనే తగ్గించుకోవాలి.

మీ అబ్బాయిని టెర్మినల్‌లో ప్యాక్టీఎల్ ఇన్ఫో (pactl info) అనే కమాండ్ కొట్టి, సర్వర్ నేమ్ దగ్గర పైప్‌వైర్ అని ఉందేమో చూడమనండి. లైనక్స్‌లో సౌండ్‌ని నడిపించే ప్రోగ్రామ్ అది. ఫెడోరా అనే లైనక్స్‌లో 34వ వెర్షన్ నుంచి, అంటే 2021 నుంచి అదే వస్తోంది. ఉబుంటు అనే లైనక్స్‌లో 2022లో వచ్చిన 22.10 వెర్షన్ నుంచి మొదలైంది. అందులో ఏది ఎటు పోవాలో తేల్చేది వైర్‌ప్లంబర్ అనే భాగం. చేత్తో ఎంచుకున్న డివైస్‌ని అది రాసి పెట్టుకుంటుంది, ఆ డివైస్ లేనప్పుడు ఉన్నవాటిలో ఎక్కువ ప్రాధాన్యం ఉన్నదానికి వెళ్తుంది, వచ్చాక తిరిగి దానికే వస్తుంది. ఏది కొత్తగా తగిలిస్తే దానికే పోవాలంటే స్విచ్ ఆన్ కనెక్ట్ అనే మాడ్యూల్ ఉంది. పైప్‌వైర్‌కి ముందు ఈ పని చేసిన పల్స్‌ఆడియోలో దాన్ని తయారుచేసినవాళ్లకూ మానిటర్ల పోరు తగిలినట్టుంది, హెచ్‌డీఎంఐని పట్టించుకోకుండా వదిలేయడం అందులో ముందే పెట్టారు. మానిటర్‌ని పూర్తిగా తప్పించాలంటే పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్ తెరిచి, కాన్ఫిగరేషన్ భాగంలో చూడాలి. హెచ్‌డీఎంఐ విడి సౌండ్ కార్డుగా కనిపిస్తే దాని ప్రొఫైల్‌ని ఆఫ్ చేస్తే సరిపోతుంది. స్పీకర్లు, హెచ్‌డీఎంఐ ఒకే కార్డు కింద ఉంటే మాత్రం ఆఫ్ పెట్టకూడదు, స్పీకర్లు కూడా పోతాయి. అక్కడ అనలాగ్ ప్రొఫైల్‌ని ఎంచుకోవాలి.